గట్టిగా కొడితే పచ్చ లైటు

ముప్పై రెండేళ్లు నేను చేసిన పనిని ఒక్క మాటలో చెప్పాలంటే, చేతిలో పట్టే చిన్న డబ్బాలకు వినడం నేర్పాను. కరీంనగర్‌లో మా కంపెనీ చాలా చిన్నది. మొదట్లో మైకుసెట్లు, ఆంప్లిఫయర్లు చేసేవాళ్లం. తర్వాత చెవి మందగించిన వాళ్లు జేబులో పెట్టుకునే వినికిడి యంత్రం, మోటరు మోత విని బేరింగు అరిగిందో లేదో చెప్పే పరికరం, ఇలాంటివి చేశాం. వాటిలోకి వెళ్లే ప్రోగ్రాము రాసేది నేను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి ఏం చదవాలని అడుగుతుంటారు. చదవాల్సినవి మీకు నాకన్నా బాగా దొరుకుతాయి. నేను ఇవ్వగలిగింది నేను తప్పిన చోట్లు మాత్రమే. వాటిలో పెద్దదాన్ని మా చర్చి సంఘంలో నిలబడి సాక్ష్యంగా చెప్పాను గానీ, కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. దేవుడు ఆ రోజు నన్ను సిగ్గుపరచి, ఒక మనిషిని కాపాడాడని నమ్ముతాను. మీకు ఆ నమ్మకం లేకపోయినా లెక్క లెక్కే కాబట్టి చదవండి.

దయ్యం గొంతు

వినికిడి యంత్రం మొదటి నమూనాను మా సొంతూరి సంఘంలోని సుశీలవ్వ చెవికి పెట్టాను. ఆదివారం ఆరాధన, ముందు వరుస. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఆమె నా వైపు తిరిగి, తనకు వినపడదు కాబట్టి చర్చి అంతా వినపడేలా అంది.

"అయ్యగారు నోరు మూసినంక మాట వస్తున్నది బిడ్డా. ఆయన ఎనుక దయ్యం నిలవడి మాట్లాడినట్టున్నది. తీసెయ్యి, దయ్యాన్ని జేబుల ఏసుకొని చర్చిల కూసుంటనా?"

అందరూ నవ్వారు, పాస్టరుగారితో సహా. నాకు నవ్వు రాలేదు. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు.

యంత్రానికి శబ్దం అంటే అంకెల వరుస, సెకండుకు వేల అంకెలు. ఒక్కో అంకెను పదుల సార్లు గుణించాలి, కూడాలి. దశాంశ చుక్క అవసరాన్ని బట్టి ఎడమకో కుడికో జరిగే లెక్కను ఫ్లోటింగ్ పాయింట్ అంటారు. ఎంత పెద్ద అంకె వచ్చినా, ఎంత చిన్నది వచ్చినా చుక్క జరిగి దానికి చోటు ఇస్తుంది. రాసేవాళ్లకు హాయి. కానీ మేం వాడే చౌక చిప్పులకు పూర్ణాంకాల లెక్క మాత్రమే తెలుసు. చుక్క ఉన్న ఒక్క గుణకారాన్ని అవి పదుల చిన్న పనులుగా విడగొట్టి ఆపసోపాలు పడి చేసేవి. ఆ ఆలస్యమే సుశీలవ్వకు వినిపించిన దయ్యం.

మూడు వారాలు కూర్చుని చుక్కలన్నీ తీసేశాను. మూడున్నరను మూడు వేల ఐదు వందలుగా రాసుకుని, పని అంతా అయ్యాక వెయ్యితో భాగించుకోవడం లాంటిదే ఇది. చుక్క ఎక్కడ ఉండాలో ముందే నేను నిర్ణయించుకుంటాను, యంత్రం దాన్ని వెతుక్కునే పని ఉండదు. ఆలస్యం పోయింది. సుశీలవ్వ ఆ యంత్రాన్ని చివరిదాకా వాడింది.

మా యజమాని సుధాకర్ సార్ చాలా రోజులు వచ్చిన వాళ్లందరికీ నన్ను చూపించి, "రూతమ్మ చుక్కను సంపింది" అని చెప్పుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు టంకం వేయడం నేర్పింది ఆయనే. కానీ పని చేయడం, చేసి చూపించడం ఒకటేనని ఆయన అనుకునేవాడు. ఆ పొగడ్త నా నెత్తికెక్కింది. చుక్క ఉన్న లెక్క కనిపిస్తే చాలు, అది సోమరిపని అన్నట్టు చూడటం మొదలుపెట్టాను.

నాలుగు సెకండ్లు

నేను పుట్టి పెరిగింది మందమర్రి గని కాలనీలో. బాపు బొగ్గు నింపే పని చేసేవాడు. ఆయన స్నేహితుడు దానియేలు గనిలో సర్దార్. షిఫ్టులో గాలి, గ్యాసు, పైకప్పు భద్రంగా ఉన్నాయో లేదో చూసి, మనుషులను లోపలికి వదలాలో వద్దో చెప్పే మనిషిని సర్దార్ అంటారు. మా సంఘంలో ఆయన పెద్ద. వాక్యం చదివేది ఆయనే. నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని.

గనిలో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి వింటారు. గట్టి కప్పు కణీమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డప్పులా, బోలుగా, మంద్రంగా మోగుతుంది. ఆ బోలు మోత వచ్చిన చోట మనిషి నిలబడకూడదు. దానియేలు పెద్దబాపు ఇరవై ఎనిమిదేళ్లు అలా తట్టి విన్నాడు. ఆయన షిఫ్టులో బండ పడి ఒక్క మనిషి పోలేదు.

ఆయన రిటైరవడానికి రెండు మూడేళ్ల ముందు, తట్టిన శబ్దాన్ని విని కప్పు మంచిదో కాదో చెప్పే చేతి పరికరం చేయగలరా అని గని అధికారులు సుధాకర్ సార్‌ను అడిగారు. కొత్తగా చేరే కుర్రవాళ్లకు ఆ చెవి రావడానికి ఏళ్లు పడుతుంది, అంతవరకు తోడుగా ఉంటుందని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. మంచి కప్పయితే పచ్చ లైటు, బోలయితే ఎర్ర లైటు.

గనిలో మీథేన్ వాయువు ఉంటుంది. చిన్న నిప్పురవ్వ పుట్టేంత కరెంటు కూడా ఏ పరికరంలోనూ ఉండకూడదని నియమం. కాబట్టి పెద్ద బ్యాటరీ పెట్టలేం, బలమైన చిప్పు పెట్టలేం. మీ ఫోన్లలో ఇప్పుడు చుక్క లెక్కకు వేరే భాగమే ఉంది. మాకు దొరికింది సుశీలవ్వ యంత్రంలో ఉన్నలాంటి బలహీనమైన చిప్పే.

మొదటి ప్రోగ్రామును చుక్క లెక్కతోనే రాశాను. తట్టిన నాలుగు సెకండ్లకు లైటు వెలిగింది. దానియేలు పెద్దబాపు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"నాలుగు సెకండ్లా? గంతసేపు బండ నీ కోసం ఆగుతదా బిడ్డా?"

సుధాకర్ సార్ నవ్వలేదు. "సెకండు లోపల రావాలె. లేకుంటే నేను పట్టుకపోయి చూపియ్య" అన్నాడు.

చుక్కలు తీసేశాను. సెకండుంపావుకు వచ్చింది. ఆ పావు సెకండు దగ్గర నెల రోజులు కొట్టుకున్నాను. చివరికి ఒక్కటే మిగిలింది, పొంగు చూసుకునే తనిఖీ.

పాత స్కూటరు మీద కిలోమీటర్ల మీటరు చూసే ఉంటారు. తొమ్మిదులన్నీ నిండాక ఇంకో కిలోమీటరు పోతే అన్నీ సున్నాలవుతాయి. బాగా తిరిగిన బండి కొత్తదానిలా కనిపిస్తుంది. పూర్ణాంకాల లెక్కలోనూ అంతే. డబ్బా మోతలోని మంద్రాన్ని కూడిపెట్టే చోటు ఒక గిన్నె అనుకోండి, మొత్తం ఎక్కువైతే ఎర్ర, తక్కువైతే పచ్చ. ఆ గిన్నె నిండి పొంగితే, అంకె పెద్దది కాకుండా మళ్లీ చిన్నదైపోతుంది. అందుకే ప్రతి కూడిక తర్వాత, నిండిందా అని చూసి, నిండితే అక్కడే ఆపే తనిఖీ ఒకటి పెట్టుకుంటాం. చుక్క లెక్కకు ఈ బాధ లేదు, అది చుక్కను జరిపి చోటు చేసుకుంటుంది. నేను సోమరిది అనుకున్న లెక్క అన్నేళ్లూ నన్ను ఈ గుంటలో పడకుండా కాపాడుతూ వచ్చింది. నేను గమనించలేదు.

మా దగ్గరున్న రికార్డింగులన్నిటిలోనూ అతి పెద్ద శబ్దానికి గిన్నె సగం కూడా నిండలేదు. తనిఖీ తీసేశాను. పక్కన ఒక వాక్యం రాసుకున్నాను: అవసరం లేదు, సగం కూడా నిండదు. లైటు సెకండు లోపల వెలిగింది. సుధాకర్ సార్ మిఠాయి తెప్పించాడు.

ఒకే చెయ్యి

ఆ రికార్డింగులు ఎవరివని మీరు అడగాలి. అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు.

అప్పటి చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భ గనిలోకి దిగకూడదు. నేను ప్రోగ్రాము రాస్తున్న చోటును నేను చూడలేదు, చూడలేను. రికార్డరు ఇచ్చి పంపితే ఎవరో ఒకరు తట్టి తేవాలి. ఎవరిని పంపాలని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు తెలిసినవారిలో అంత నమ్మకమైన చెయ్యి ఇంకొకటి లేదు. వాక్యం చదివే మనిషి, మా బాపు పోయినప్పుడు పెట్టె మోసిన మనిషి. రెండు వందలకు పైగా శబ్దాలు దానియేలు పెద్దబాపే తెచ్చాడు. ఏది మంచి కప్పు, ఏది బోలు అని ప్రతిదాని మీద తన చేత్తో రాసి ఇచ్చాడు. ఒక్కటీ తప్పు కాదు.

మంచి మనిషి తెచ్చిన సాక్ష్యం కాబట్టి అది మొత్తం సాక్ష్యం అనుకున్నాను. సంఘంలో పెరిగిన వాళ్లకు ఇది సులువుగా వచ్చే పొరపాటు. మనిషి నిజాయితీని చూసి, ఆ మనిషి చూడనిది ఏముందని అడగడం మానేస్తాం.

ఆ పొద్దున

ట్రయల్ మొదటి షిఫ్టులో పెట్టారు. తట్టేది దానియేలు పెద్దబాపు కాకూడదని అధికారులు ముందే అన్నారు. ఆయన తడితే పరీక్ష ఆయన చెవికి అవుతుంది గానీ డబ్బాకు కాదు. అది న్యాయమైన మాట. అందుకని పైకప్పు కింద సపోర్టులు నిలబెట్టే రాజేశం అనే ముప్పై ఏళ్ల మనిషిని పంపారు. నేను అతన్ని గని ముఖద్వారం దగ్గర ఒకసారి చూశాను. టోపీ మీద లైటు సరిచేసుకుంటూ, డబ్బాను చొక్కాకు తగిలించుకున్నాడు.

"అక్కా, ఇది పచ్చ అంటే పచ్చేనా?"

"పచ్చేనన్నా."

"అయితే మంచిగున్నది. మా ఇంటామె మాట కంటే నయం" అని నవ్వి దిగిపోయాడు.

ట్రయల్ నియమాలలో ఒకటి నేనే రాశాను. రాజేశం తడుతున్నప్పుడు మరో మనిషి దగ్గరలో తట్టకూడదు, శబ్దాలు కలిసిపోతాయి. కాబట్టి ఆ షిఫ్టుకు ఉన్న వేరే సర్దార్ దూరంగా ఉండి, పది చోట్లు అయ్యాక వెనక నుంచి వచ్చి చేత్తో సరిచూడాలి. ఆ పది చోట్ల మధ్య రాజేశంకు తోడు నా డబ్బా ఒక్కటే.

నేను, దానియేలు పెద్దబాపు ల్యాంపు రూం అరుగు మీద కూర్చున్నాం. ల్యాంపులు ఇచ్చి పుచ్చుకునే ఎల్లయ్య చాయ్ తెచ్చి మా పక్కన నిలబడ్డాడు.

"రాజేశంను పంపిన్రా? వానితోటి జర జాగ్రత్త. వాడు తట్టుడు కాదు, బండలు పలగ్గొట్టుడే. కడ్డీ వాని చేతుల సమ్మెట లెక్కుంటది."

పెద్దబాపు నవ్వాడు. "అవును. నేనైతే ముట్టుకుంట అంతే. గట్టిగ కొడితే వదులున్నది ఊడి మీద పడదా? వీనికి ఎన్నిసార్లు చెప్పిన, ఇనడు."

చాయ్ గ్లాసు నా చేతిలోనే ఉంది. ముట్టుకుంటాను అన్న మాట దగ్గర నా చెవి ఆగిపోయింది. రెండు వందల రికార్డింగులు, అన్నీ ముట్టుకున్నవి.

"పెద్దబాపు, ఆయన నీకంటె ఎంత గట్టిగ కొడతడు?"

"ఏమో బిడ్డా. రెండింతలు, మూడింతలు. ఎందుకు?"

ల్యాప్‌టాప్ తెరిచాను. పెద్దబాపు రాసిచ్చిన బోలు శబ్దాల్లో అతి చెడ్డదాన్ని తీసుకున్నాను. ప్రతి అంకెనూ రెండింతలు చేసి ప్రోగ్రాముకు ఇచ్చాను. ఎర్ర. మూడింతలు చేశాను.

పచ్చ.

ఇంకోటి తీసుకున్నాను, పచ్చ. మంచి కప్పు శబ్దాన్ని మూడింతలు చేసినా పచ్చే. అది సరైనదే, ఎందుకంటే మంచి కప్పులో మంద్రపు మోత తక్కువ, గిన్నె నిండదు. నిండి పొంగేది బోలు కప్పుకే. కప్పు ఎంత చెడ్డదైతే, చెయ్యి ఎంత బలమైనదైతే, నా డబ్బా అంత ధైర్యంగా పచ్చ చూపిస్తుంది. ఎక్కడ ఒక్కచోట తప్పు చెప్పకూడదో, సరిగ్గా ఆ ఒక్కచోటే తప్పు చెబుతుంది.

రాజేశం దిగి నలభై నిమిషాలైంది.

ఫోను

సుధాకర్ సార్ మేనేజరు గదిలో అధికారులతో కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర నుంచి పిలిచాను. బయటికి వచ్చాడు. ల్యాప్‌టాప్ చూపించి చెప్పాను. ఆయనకు లెక్క అర్థమైంది, ముఖం చూస్తే తెలిసింది. అయినా గొంతు తగ్గించి అన్నాడు.

"రూతమ్మా, ఇప్పుడు గాదు. గంటల అయిపోతది. వాళ్లు పైకొచ్చినంక నువ్వే రిపోర్టుల రాయి. నేను కూడ సంతకం పెడత."

"గంటల అయిపోయేది ట్రయలో, మనిషో తెల్వది సార్."

"గట్ల అపశకునం మాట్లాడకు. ఎనుక సర్దార్ ఉన్నడు కదా."

"సర్దార్‌ను దూరం ఉండుమని రాసింది నేనే సార్."

ఆయన గోడ వైపు చూశాడు. రెండేళ్ల పని, కంపెనీలో ఉన్న పదకొండు మంది, అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. నేను ఆయన్ను తప్పుపట్టను. ఆ నిమిషంలో నాకూ ఒక గొంతు, బహుశా రాజేశం మెల్లగానే కొడుతున్నాడేమో అని చెబుతూనే ఉంది. మనసులో అలాంటి గొంతు వినిపించినప్పుడు అది ఎవరిదో గుర్తుపట్టడం మా పాస్టరుగారు నేర్పారు. నన్ను ఒప్పుకోలు నుంచి తప్పించే గొంతు దేవునిది కాదు.

గదిలోకి వెళ్లి మేనేజరు ముందు నిలబడ్డాను. "సార్, డబ్బాల తప్పున్నది. తప్పు నాది. చెడ్డ కప్పుకు పచ్చ చూపిస్తది. మనిషిని వెనుకకు పిలవండి."

ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోను నా వైపు జరిపాడు. కిందికి మాట్లాడే ఆ ఫోనుకు పిడి తిప్పాలి. తిప్పాను. పిడి సగం తిరిగి ఆగింది. వెనక నుంచి దానియేలు పెద్దబాపు వచ్చి పిడి తిప్పి, తనే మాట్లాడాడు.

"ఎవరు? ఓదెలూ? నేను దానియేల్‌ను. ఇను. మూడో లెవల్ల రాజేశం డబ్బ పట్టుకొని తిరుగుతుండు. ఉరికిపోయి వాన్ని సపోర్టు కిందికి గుంజుకరా. డబ్బను నమ్మొద్దని చెప్పు. ఎందుకు ఏందని అడగకు, నడువు."

కింద ఫోను ఉన్న చోటు నుంచి రాజేశం ఉన్న చోటుకు పదిహేను నిమిషాల నడక. ఆ ఫోనుకు కాపలా ఉండే ఓదెలు అక్కడి నుంచి కదలకూడదు కాబట్టి ఇంకొకరిని పంపుతాడు.

నేను చిన్నప్పటి నుంచి ప్రార్థనలో పెరిగినదాన్ని. ఎంత కష్టం వచ్చినా మాటలకు వెతుక్కోలేదు. ఆ గదిలో నాకు ఒక్క మాట కూడా రాలేదు. రాజేశం అని పేరు ఒక్కటి పైకే అంటున్నానని సుధాకర్ సార్ తర్వాత చెప్పాడు. ఆయన కూడా నా పక్కనే నిలబడి ఉన్నాడట. నేను చూడలేదు.

ఫోను మోగింది. పెద్దబాపు ఎత్తి విన్నాడు.

"పిలువబోయిన మనిషి లోపలికి పోయిండట. ఇంక తిరిగి రాలే."

మళ్లీ పెట్టేశాడు. నేను తీసేసిన తనిఖీ ఒక్కో కూడికకు ఎంత సమయం తీసుకుంటుందో నాకు కంఠతా వచ్చు. ఎవరూ కొలవలేనంత తక్కువ. అన్నీ కలిపితే పావు సెకండు. ఆ పావు సెకండు కోసం ఇప్పుడు ఇంతమందిమి గోడ గడియారం చూస్తూ నిలబడ్డాం.

రెండోసారి మోగింది. ఈసారి పెద్దబాపు ఎత్తి విన్నాడు. తర్వాత ఫోను నా చెవికి పెట్టాడు.

"అక్కా" అన్నాడు రాజేశం. ఆయాసపడుతున్నాడు. "ఏమైంది, అందరు పరేషాన్ చేస్తుండ్రు? నీ డబ్బ మంచిగనే చెప్తున్నది. అన్ని పచ్చనే."

బండ

షిఫ్టు సర్దార్, రాజేశం తట్టిన చోట్లన్నీ చేత్తో మళ్లీ తట్టి చూశాడు. ఎనిమిదో చోట బోలు మోత వచ్చింది. దూరంగా నిలబడి పొడవాటి గడ్డపారలతో పొడిచి దించారు. పడిన బండ మా కాలనీ ఇంట్లో వంటగది అంత ఉందని ఓదెలు చెప్పాడు.

పైకి వచ్చాక రాజేశం నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా బొగ్గు. కళ్లు, పళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. తిడతాడనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"ఎనిమిదోది పచ్చ అన్నది కద అక్కా" అన్నాడు మెల్లగా. "పచ్చనే కదా అని దాని కిందనే కూసొని తంబాకు నలుసుకున్న."

నేను చేతులు జోడించాను. అతను నా చేతులు కిందికి దించాడు.

"పోనీ తియ్యి. నా పేరు వెట్టి మొక్కినవట, ఎల్లయ్య చెప్పిండు. మీ దేవునికి నా పేరు తెలిస్తే మా మల్లన్నకు కోపమొస్తది" అన్నాడు. నవ్వబోయాడు. ఎల్లయ్య ఇచ్చిన నీళ్లు సగం చొక్కా మీద పోసుకున్నాడు.

సాక్ష్యం

గని వాళ్లు పరికరాన్ని వెనక్కి పంపారు. సుధాకర్ సార్ రెండు నెలలు నాతో పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడలేదు. మూడో నెలలో ఒక పొద్దున నా బల్ల మీద కాగితం పెట్టి వెళ్లాడు. "రెండు సెకండ్లయినా సరే, సరిగ చెయ్యి" అని రాసి ఉంది. ఆయన క్షమాపణ అదేనని తీసుకున్నాను. చివరిదాకా ఆయన దగ్గరే పనిచేశాను.

ట్రయల్ తర్వాత వచ్చిన ఆదివారం మందమర్రి సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. కథ అప్పటికే అందరికీ చేరింది, కానీ తలకిందులుగా చేరింది. రూతు ప్రార్థనకు దేవుడు ఒక ప్రాణం కాపాడాడని స్తోత్రాలు చెబుతున్నారు. లేచి నిలబడి, రాజేశంను ఆ బండ కింద కూర్చోబెట్టింది నేనేనని చెప్పాను. పొగడ్త కోసం తనిఖీ తీసేశానని, ఒకే చేతిని వందల చేతులుగా లెక్కపెట్టుకున్నానని చెప్పాను. అబద్ధ సాక్ష్యం నోటితోనే చెప్పనక్కర్లేదు, పచ్చ లైటుతోనూ చెప్పొచ్చు.

దానియేలు పెద్దబాపు లేచాడు.

"నాది కూడ ఉన్నది. డబ్బ నా చేతి తీరు నేర్చుకుంటున్నదని నాకు మస్తు గర్వమైంది. వేరేటోళ్లను గూడ పిలువు బిడ్డా అని నేను చెప్పాలె. చెప్పలే."

ఆయన కూర్చున్నాక సుశీలవ్వ నా చెయ్యి పట్టుకుని, చర్చి అంతా వినపడేలా, "ఇప్పుడు మాటా, నోరూ కలిసి వచ్చినయి బిడ్డా" అంది.

కొత్త ప్రోగ్రాము ఏడాది తర్వాత తయారైంది. పదిహేడు మంది చేతుల శబ్దాలు తీసుకున్నాను. మెల్లగా తట్టేవాళ్లు, బాదేవాళ్లు, ఎడమచేతి వాళ్లు. తనిఖీలన్నీ తిరిగి పెట్టాను. గిన్నె నిండితే లెక్క ఆపి ఎర్ర లైటు వెలిగిస్తుంది. అర్థం కానిది వస్తే కూడా ఎర్రే. జవాబుకు సెకండున్నర పడుతుంది. రెండో ట్రయల్‌లో తానే తడతానని రాజేశం పట్టుపట్టాడు. ప్రతిచోటా కొట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, లైటు వెలిగేదాకా కదలకుండా నిలబడ్డాడట. కొత్తవాళ్ల శిక్షణకు గని వాళ్లు దాన్ని తీసుకున్నారు, చివరి మాట మాత్రం సర్దార్‌దే అన్న షరతుతో. ఆ షరతు రాయమని అడిగింది నేనే.

మీకు ఇప్పుడు బలమైన చిప్పులు ఉన్నాయి. అయినా ఎక్కడో ఒకచోట వేగం కోసం ఏదో ఒకటి తీసేయాల్సి వస్తుంది. తీయండి. కానీ తీసేముందు అది ఎవరిని కాపాడుతోందో కనుక్కోండి. పక్కన "అవసరం లేదు" అని రాసేటప్పుడు, ఎవరికి అవసరం లేదో కూడా రాయండి.

అరచెయ్యి

చట్టం మారి, ఆడవాళ్లు గనిలోకి దిగొచ్చని అయ్యాక, నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు అనుమతి తీసుకుని మొదటిసారి దిగాను. దానియేలు పెద్దబాపు అప్పటికి ప్రభువులో నిద్రించి మూడేళ్లు. నన్ను తీసుకెళ్లింది రాజేశం. ఇప్పుడు అతనే సర్దార్.

పైకప్పు చేతికందే ఎత్తులో ఉన్న చోట నన్ను నిలబెట్టి కడ్డీ ఇచ్చాడు.

"కొట్టు అక్కా. ఇన్నేండ్ల సంది ఇంటున్నవు, ఇప్పుడు కొట్టు."

పెద్దబాపు తట్టినట్టే మెల్లగా తట్టాను. కణీమంది. రికార్డింగుల్లో వేలసార్లు విన్న శబ్దమే.

"గట్ల కాదు" అన్నాడు రాజేశం. కడ్డీ తీసుకుని కుడిచేత్తో తడుతూ, ఎడమ అరచేతిని కప్పుకు ఆనించాడు. "ఈ చెయ్యి పెట్టాలె. బోలు ఉంటె చెవికంటె ముందు చేతికి తెలుస్తది, సన్నగ అదురుతది. దానియేలు తాత నేర్పిండు. ఆయన ఎప్పుడు గిట్లనే."

ఇన్నేళ్లు నేను విన్నది సగమే. మిగతా సగం ఆయన అరచేతిలో ఉండింది. అది అందరికీ తెలుసని ఆయన అనుకున్నాడు, నాకు చెప్పలేదు. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు తోచలేదు, అడగలేదు.

రాజేశం నా ఎడమచేతిని పట్టుకుని కప్పుకు ఆనించాడు. చల్లగా, గరుకుగా ఉంది. అతను కొట్టాడు, తన తీరులో, గట్టిగా.

చెయ్యి అదరలేదు.

"మంచిగున్నది" అన్నాడు రాజేశం. "ఇక్కడ నిలవడొచ్చు."